శిరీషకు, ఊరికే రాస్తున్న ఉత్తరం

చి. శిరీషకు,

నువ్వు క్షేమమని తలుస్తాను. తలచుకోవడం తప్ప వేరే దారి ఉంచావా? ఫోన్ ఎత్తవు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పడేస్తావు. పెద్దమ్మ వచ్చి "పిల్ల పీహెచ్‌డీ మానేస్తుందటగా" అంది. నేను పట్టించుకోలేదు. కిట్టుగాడు ఇంకో ముక్క చేర్చాడు: ఎలుక ముక్కులో ఒక్కో న్యూరాన్‌కి (నాడీకణానికి) వాసనను పట్టే ప్రోటీన్, అదే రిసెప్టర్, ఒక్క రకమే ఉండాలి కదా, నీ డేటాలో రెండేసి తేలాయట, ప్రాజెక్టు పునాదే తప్పని కూర్చున్నావట. అది అడగడానికి కాదులే ఈ ఉత్తరం.

కళ్లజోడు మార్పించుకున్నావా? పాత పవర్‌తోనే రాత్రంతా స్క్రీన్ చూస్తుంటే తలనొప్పి రాక ఏమవుతుంది?

మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఆ రెండేసి ఉన్నవి ఏ దశ కణాలు? ఓఎంపీ అనే గుర్తు ప్రోటీన్ ఉన్న ముదురు కణాలా, గ్యాప్43 అనే గుర్తు ఉన్న లేత కణాలా? లేతవైతే కంగారెందుకు? ఎంపిక ఇంకా తేలని దశలో చాలా రిసెప్టర్లు కొద్దికొద్దిగా కనిపిస్తాయని 2015లోనే, ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏను విడిగా చదివిన సింగిల్ సెల్ పేపర్లు వచ్చాయి. ముదురువైతే ఒక్కో కణంలో రెండో రిసెప్టర్ ఆర్‌ఎన్‌ఏ అణువులు ఎన్నో లెక్కపెట్టు. మొదటిది వందల్లో ఉండి రెండోది రెండో మూడో అయితే, అది ద్రవంలో తేలే ఆర్‌ఎన్‌ఏ. కణాల్ని విడదీసే పపైన్ ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచితే కణాలు పగులుతాయి, వాటిలోది ఒక్కో కణాన్ని పట్టే ప్రతి బొట్టులోకీ, అదే డ్రాప్లెట్‌లోకీ, చేరుతుంది. కణం లేని ఖాళీ డ్రాప్లెట్లలో ఏ రిసెప్టర్లు ఎక్కువున్నాయో చూస్తే తెలిసిపోతుంది. రెండూ వందల్లో ఉంటే డబ్లెట్ అనుకో, అంటే ఒకే డ్రాప్లెట్‌లో రెండు కణాలు పడ్డట్టు. రెండు వేర్వేరు జాతుల ఎలుకల కణాలు సగం సగం కలిపి నడుపు. రెండు జాతుల ఎస్ఎన్‌పీలూ (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాలు) ఉన్న కణాలు డబ్లెట్లే. కానీ అలా దొరికేవి సగమే, ఒకే జాతివి రెండు అతుక్కున్నవి అంతే సంఖ్యలో దాగి ఉంటాయి. ఆ లెక్క చాలామంది మరిచిపోతారు.

ఇంకోటి, ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే జీటీఎఫ్ ఫైల్, నువ్వు వాడేది ఏది? ఆర్‌ఎన్‌ఏ చివరి కొసను (3') మాత్రమే చదివే కిట్‌లో, చదివిన ముక్కలన్నీ (రీడ్లు) జన్యువు తోకలో పడతాయి. రిసెప్టర్ జన్యువుల తోకలు పాత ఫైళ్లలో పొట్టిగా రాసి ఉంటాయి. దాంతో కొన్ని రీడ్లు ఎవరి ఖాతాలోకీ రావు, కొన్ని పక్క జన్యువు ఖాతాలో పడతాయి. ఈ జన్యువులు గుంపులుగా పక్కపక్కనే, ఒకదాన్నొకటి పోలి ఉండేవి కదా. అలాగే ఆ రెండోది స్యూడోజీన్, అంటే పాడైపోయిన జన్యువు, కాదు కదా? పనికిరాని దాన్ని ఎంచుకున్న కణం మరోదానికి మారుతుంది, అది సహజమే.

అన్నట్టు, క్లోనింగ్ ఎలుకల కథ చెప్పానా? చెప్పే ఉంటాను, అయినా విను. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఈ జన్యు కుటుంబాన్ని పట్టుకున్నారు. ఎలుకలో వెయ్యికి పైగా ఉన్నవాటిలో కణం ఒక్కదాన్నే, అదీ తల్లి కాపీయో తండ్రి కాపీయో ఒక్కటే వాడుతుందని తర్వాత తేలింది. ఎలా? యాంటీబాడీలు చేసే కణాలు డీఎన్‌ఏనే కత్తిరించి అతికించుకుంటాయి, ఇక్కడా అంతేనేమోనన్నారు. చక్కటి ఊహ, మరి తేల్చడమెలా? ముదురు న్యూరాన్ కేంద్రకాన్ని, సొంత కేంద్రకం తీసేసిన అండంలో పెట్టారు. అది విభజన మానేసిన కణం, అంత తేలిగ్గా లొంగదు. ముందు మూలకణాలు తీసి, వాటి నుంచి ఎలుకల్ని పుట్టించారు. డీఎన్‌ఏ నిజంగా కత్తిరించి ఉంటే ఆ ఎలుకల ముక్కు నిండా దాత కణం ఎంచుకున్న రిసెప్టరే ఉండాలి. 2004లో రెండు బృందాలు విడివిడిగా చూశాయి. మామూలు ఎలుకల్లాగే అన్ని రకాలూ ఉన్నాయి! ఊహ కూలింది. ఎవరూ ల్యాబ్ మూసుకుని ఇంటికి పోలేదు. ఆ బృందాల్లో ఒకదాంట్లో ఆక్సెల్ కూడా ఉన్నాడు, ఆ ఏడాదే బక్‌తో కలిసి నోబెల్ తీసుకున్నాడు. నిన్ను ఉద్దేశించి అనడం లేదు.

డీఎన్‌ఏ మారనప్పుడు మారేది క్రోమాటిన్, అంటే హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏ కట్ట. కణం ముదిరేలోపే దాదాపు అన్ని రిసెప్టర్ జన్యువుల హిస్టోన్ల మీదా హెచ్3కె9 అనే చోట మూడేసి మిథైళ్లు పడతాయి, అంటే జన్యువుకు తాళం పడుతుంది, అవన్నీ కేంద్రకం మధ్యకు చేరి ముద్దకడతాయి. గ్రీక్ ఐలాండ్స్ అనే 63 ఎన్‌హాన్సర్లలో (జన్యువును లేపే డీఎన్‌ఏ ముక్కల్లో) కొన్ని వేర్వేరు క్రోమోజోముల నుంచి వచ్చి ఒకచోట గుమికూడి ఒక్క జన్యువును లేపుతాయి. ఎల్‌హెచ్‌ఎక్స్2, ఈబీఎఫ్ అనే ప్రోటీన్లు వాటికి అంటుకుంటాయి, ఎల్‌డీబీ1 వాటిని కలిపి పట్టుకుంటుంది. జన్యువు తెరుచుకోవాలంటే మిథైళ్లు తీసే ఎల్‌ఎస్‌డీ1 ఎంజైమ్ కావాలి. రిసెప్టర్ ప్రోటీన్ తయారవగానే ప్రోటీన్లు మడతపడే ఈఆర్ అనే అరలో ఒత్తిడి పుట్టి, పెర్క్ అనే ఎంజైమ్ మేలుకుని, ప్రోటీన్ తయారీ మొదలుపెట్టే ఈఐఎఫ్2 ఆల్ఫాకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో ఏటీఎఫ్5 ప్రోటీన్ వస్తుంది, ఆ తర్వాత వాసన సంకేతాన్ని నడిపే ఏడీసీవై3 ఎంజైమ్ వస్తుంది, ఎల్‌ఎస్‌డీ1 తగ్గిపోతుంది, ఇక ఎంపిక మారదు. కాబట్టి నీ కణాల్లో ఏడీసీవై3 చూడు. ఏటీఎఫ్5 ఆర్‌ఎన్‌ఏ చూసి మోసపోకు, దాని నియంత్రణ అనువాదం దగ్గర, అంటే ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారయ్యే చోట.

పాఠం చెప్పనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను, చూశావా. తను నీ గురించి ఏమీ అనడం లేదు, ఫోన్ మాత్రం పక్కనే పెట్టుకుని పడుకుంటోంది. ఇవన్నీ చూశాక కూడా రెండేసి మిగిలితే, అప్పుడది నీ ఫలితం. మానేయాలనే ఉంటే అదీ నేరుగా చెప్పు, పెద్దమ్మ ద్వారా కాదు. కానీ ఖాళీ డ్రాప్లెట్లు చూడకముందు మాత్రం వద్దు.

మీ నాన్న

తా.క. రెండు రంగుల ఫిష్ (కణంలోని ఆర్‌ఎన్‌ఏకు మెరిసే ముక్కల్ని, అదే ప్రోబ్‌లను, అతికించి చూడటం) చేసేటప్పుడు ప్రోబ్‌లు ప్రోటీన్‌ను రాసే కోడింగ్ భాగానికి చేయించకు, పోలికలున్న పక్క జన్యువులకీ అంటుకుంటాయి. 3' తోకకి చేయించు. రెండు రంగులూ ఒకే కణంలో ఉన్నాయనే ముందు కన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో లోతు కూడా చూడు. పల్చగా కోసిన ముక్కలోనూ ఒకదాని మీద ఒకటి కణాలు పడుకునే ఉంటాయి. వేళకి నిద్రపో.