కిలోమీటరు లోపే అన్నారు, మంత్రి గారూ: ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ మా ఊరి పిల్లలు బడికి వెళ్లే దారి గురించి పెట్టిన అర్జీలు. రెండు సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చాను, ఒకటి మీ క్యాంపు ఆఫీసులో మీ పీఏ గారి చేతికిచ్చాను. గ్రీవెన్స్‌లో ఇచ్చిన రెండింటికీ "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో కనుక్కుందామని మండల ఆఫీసుకి వెళ్తే, "దూరం కిలోమీటరు లోపే ఉందమ్మా, అందుకని క్లోజ్ చేశాం" అన్నారు. పీఏ గారు మాత్రం మర్యాదగానే మాట్లాడారు. "విద్య మా సార్ శాఖ కాదు కదమ్మా" అన్నారు. అది నాకూ తెలుసండి. కానీ 2023 ఆగస్టులో మా ఊరు వచ్చినప్పుడు మీకు ఏ శాఖా లేదు. అయినా వచ్చారు. అందుకే మళ్లీ మీకే రాస్తున్నాను, ఈసారి అందరూ చదివేలా.

ఆ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం 2022లో ఇచ్చిన జీవో 117తో మా పిల్లల్ని మూడో తరగతి నుంచే హైస్కూల్లో కలిపి అప్పటికి ఏడాది దాటింది. మా పెద్దమ్మాయి నాలుగో తరగతి. పొద్దున ఎనిమిదింపావుకి రామాలయం దగ్గర నుంచి మీరు కూడా పిల్లలతో పాటు నడిచారు. హైవే దాటే చోట మా అమ్మాయి ఒక చెయ్యి పైకెత్తి లారీల వైపు చూపిస్తూ, రెండో చేత్తో మీ చెయ్యి పట్టుకుని లాగింది. రోజూ చిన్న పిల్లల్ని అలాగే దాటించేది. అవతలికి వెళ్లాక మీరు కాసేపు మాట్లాడలేదు. హైస్కూల్ గేటు దగ్గర వాచీ చూసుకుని, "ఇరవై మూడు నిమిషాలు పట్టింది. ఇది కిలోమీటరా? ఎవరు కొలిచారు?" అని మండల విద్యాధికారి ఎంఈవో గారిని నిలదీశారు. "మ్యాపు మీద గీత గీసి పసిపిల్లల్ని నడిపిస్తారా" అని ఆ మధ్యాహ్నమే ప్రెస్‌మీట్ పెట్టి అడిగారు. వెళ్లేముందు మాకు ఒక మాట ఇచ్చారు. మేమొస్తే ఈ ఊరి బడి ఈ ఊళ్లోనే ఉంటుందన్నారు. మా తరఫున ఒక నాయకుడు అంత గట్టిగా అడగడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ గౌరవం నాకు ఇప్పటికీ ఉంది.

2025లో 117 రద్దయింది. ఆ వార్త టీవీలో చూసిన మర్నాడు మా వీధి ఆడవాళ్లం నలుగురం వెళ్లి, మా ఊరి బడిలో మూడేళ్లుగా తాళం వేసి ఉన్న పెద్ద గది తీయించి కడిగాం. బల్లలు ఎండలో పెట్టాం. గోడ మీద మూడో తరగతి పిల్లలు ఎప్పుడో రాసిన ఎక్కాలు అలాగే ఉన్నాయి. చెరపబుద్ధి కాలేదు.

ఆ గది ఇప్పుడు మళ్లీ తాళంలోనే ఉందండి.

కొత్త పద్ధతిలో బడులు తొమ్మిది రకాలన్నారు. మా ఊరికి వచ్చింది ఒకటి, రెండు తరగతుల బడి. మూడు, నాలుగు, ఐదు చదివే పిల్లలు పక్క ఊరి మోడల్ ప్రైమరీ స్కూలుకి వెళ్లాలన్నారు. ఆ వివరాలన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. మీకు తెలియనిది ఒకటుంది, అది చెప్పాలి. పిల్లల్ని అక్కడికి పంపడానికి ఒప్పుకుంటూ చేసిన తీర్మానం మీద నేనూ సంతకం పెట్టాను. పేరెంట్స్ కమిటీలో సభ్యురాలిని నేను. ఆ రోజు మీటింగ్‌కి వచ్చినవాళ్లు అక్కడ తరగతికో టీచర్ ఉంటారన్నారు, పిల్లలకి ఆటో పెడతారన్నారు, లేదంటే రవాణా భత్యం ఇస్తారన్నారు. సమగ్ర శిక్ష పథకంలో ఒక్కో పిల్లాడికి ఏడాదికి 6,000 దాకా ఇవ్వొచ్చని కూడా చెప్పారు. "రాతపూర్వకంగా ఇస్తారా" అని అడిగాను. "వస్తుందమ్మా, ముందు తీర్మానం కావాలి" అన్నారు. పెట్టాను. నా పక్కన కూర్చున్న ఇద్దరికి చదువు రాదు. నేను పెట్టానని వాళ్లూ వేలిముద్ర వేశారు. ఈ రోజుకీ వాళ్ల మొహం చూడాలంటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

తరగతికో టీచర్ అన్నది నిజమే. అది నేను దాచను. మా బాబు అక్కడ మూడో తరగతి చదువుతున్నాడు, తెలుగు ధారాళంగా చదువుతున్నాడు, వాడికి ఆ టీచర్ గారంటే ప్రాణం. మోడల్ స్కూలు మీద నాకు ఏ కోపమూ లేదు. నా బాధంతా ఆ దారి గురించే.

మా ఊరికీ ఆ ఊరికీ మధ్య వాగుంది. ఆన్‌లైన్‌లో మా బడికి, ఆ బడికి మధ్య దూరం 0.9 కిలోమీటరు అని ఉంది. పక్షి ఎగిరితే అంతేనేమో. మా ఆయన బండి మీద మీటరు చూసి నేనే కొలిపించాను. చప్టా మీదుగా వెళ్తే 1.6. వాగు పొంగి చప్టా మునిగితే వంతెన మీదుగా చుట్టూ తిరగాలి, అప్పుడు నాలుగు దాటుతుంది. భత్యం అడిగితే "కిలోమీటరు దాటితేనే" అంటారు. ఆ 0.9 అనే అంకె ఉన్నంతకాలం మా పిల్లలకి ఆటో రాదు, భత్యం రాదు, అర్జీ పెడితే పరిష్కారమైపోయినట్టే. అంకె మార్చమంటే తమ చేతిలో లేదంటారు. ఎవరి చేతిలో ఉందో చెప్పమంటే పై ఆఫీసు అంటారు. పై ఆఫీసుకి వెళ్తే మండలం నుంచి రిపోర్టు రావాలంటారు. నా కూలి పోగొట్టుకుని మూడు రోజులు ఇలాగే తిరిగాను.

చప్టాకి రెయిలింగ్ లేదు. వర్షాకాలంలో దాని మీద పాచి పడుతుంది. మా బాబు అక్కడికి రాగానే బడి కిట్‌లో ఇచ్చిన బూట్లు విప్పి, లేసులు రెండూ ముడేసి మెడలో వేసుకుంటాడు. వట్టి కాలితో అయితే జారదని వాడే కనిపెట్టాడు. తర్వాత ఒక్కో అడుగూ తడిమి వేస్తాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు! పోయిన సెప్టెంబరులో ఒకరోజు నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. ముందు నడిచే ఐదో తరగతి పిల్లాడు పడబోతే మావాడు వాడి బ్యాగు పట్టుకున్నాడు, ఇద్దరూ కూలబడ్డారు. పొలంలో ఉన్న పెద్దాయన పరుగున వచ్చి ఇద్దర్నీ ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఆ సాయంత్రం వాడి నోట్‌బుక్కులు దండెం మీద ఆరేశాను. సిరా అంతా పాకిపోయింది. వాడు భయపడింది నీళ్లకి కాదు, హోంవర్కు చెరిగిపోయిందని మర్నాడు టీచర్ ఏమంటారోనని. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోయిన వానాకాలంలో పదకొండు రోజులు వాణ్ని బడికి పంపలేదు. పంపని రోజు వాడి హాజరు తగ్గింది, పంపిన రోజు నా గుండె అదిరింది. ఇందులో ఏది తప్పో మీరే చెప్పండి.

ఒకటి అడగాలనుంది. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నిబంధనల్లో 1 నుంచి 5 తరగతుల బడి కిలోమీటరు లోపు నడక దూరంలో ఉండాలని ఉంది. అక్కడిదాకా అందరూ చెబుతున్నారు. దాని కిందే ఇంకో మాట ఉంది. వరదలొచ్చే చోట, రోడ్డు లేని చోట, ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్న చోట, ఆ ప్రమాదం తప్పేలా దూరాన్ని తగ్గించి బడి పెట్టాలని. నడక దూరమని కూడా స్పష్టంగానే ఉంది, ఎగిరే దూరమని లేదు. నేను ఇంటర్ చదివిన మనిషిని, నాకే అర్థమైంది. ఈ కాగితం జిరాక్స్ తీసి మూడో అర్జీకి జతచేశాను. మీ పీఏ గారు తీసుకున్నారు. మీదాకా వచ్చిందా?

ఇక మా ఊళ్లో మిగిలిన బడి సంగతి. పదమూడు మంది పిల్లలు, ఒక్క సారు. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలని అదే చట్టంలో ఉంది. సారు మంచివారే. కానీ ఆయన ట్రైనింగుకో మీటింగుకో వెళ్తే పిల్లల్ని పక్క గదిలో అంగన్‌వాడీ టీచరమ్మ చూస్తుంది. ఆమెకి అప్పటికే చంకలో ఒకరు, చేతిలో ఫోను. అంగన్‌వాడీ యాప్‌లో ఫొటో అప్‌లోడ్ కాక గేటు బయట సిగ్నల్ కోసం నిలబడుతుంది. పిల్లలు పాతిక దాటితే వంటకి ఇద్దరుండాలి. మావాళ్లు పదమూడుకి పడిపోయేసరికి పదేళ్లుగా వండిన ఒకావిడకి పని పోయింది. నెలకి 3,000 వచ్చేది. ఆవిడ ఏ గ్రీవెన్స్‌కీ వెళ్లలేదు.

పిల్లలు ఏమయ్యారో కూడా చెప్తాను. మా ఊరి నుంచి మోడల్ స్కూలుకి పందొమ్మిది మంది వెళ్లాలి. జూన్‌లో పందొమ్మిది మందీ వెళ్లారు. వానలు మొదలయ్యాక ఆరుగురు ప్రైవేటు స్కూలు పసుపు వ్యాను ఎక్కేశారు. ఆ ఆరు ఇళ్లల్లో నాలుగు మాలాంటి కూలి ఇళ్లే. చీటీ పాడి ఫీజు కట్టారు. ఇద్దరు ఆడపిల్లల్ని అమ్మమ్మ ఊరికి పంపేశారు. రేపు సంఖ్య తగ్గింది కాబట్టి ఈ ఊరికి బడి అక్కర్లేదంటారేమోనని నా భయం. పిల్లలు తగ్గారని బడి తీసేశారు, బడి తీసేశారని పిల్లలు తగ్గారు. ఇలా ఎక్కడిదాకా?

మా ఇంట్లో ముగ్గురు. పెద్దమ్మాయి ఆరో తరగతి, హైవే అవతల. బాబు వాగు అవతల. చిన్నది అంగన్‌వాడీలో. పొద్దున్నే ముగ్గురూ మూడు దిక్కులు. అక్క మా ఊరి బడిలో, తమ్ముడు పక్క గది అంగన్‌వాడీలో ఉన్న రోజుల్లో అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుందని నేను ధైర్యంగా పనికి పోయేదాన్ని. ఇప్పుడు అది హైవే దాటి ఇంటికి రాగానే "తమ్ముడొచ్చాడా" అని అడుగుతుంది. రాకపోతే బ్యాగు అరుగు మీద పడేసి వాగు దాకా పరుగెడుతుంది. పదకొండేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టాం, నేనూ మీరూ కలిసి.

సార్, నేను మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మీ మీద నమ్మకం పోలేదు కాబట్టే రాస్తున్నాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు మా ఊళ్లోనే పెట్టించండి. గది ఉంది, బల్లలున్నాయి, ఇంకొక్క టీచర్ కావాలి. అది ఈ ఏడాది కుదరదంటే ఆటో అయినా పెట్టించండి. అదీ కుదరదంటే ఆ 0.9 అన్న అంకెనైనా సరిచేయించండి. చప్టాకి రెండు వైపులా రెయిలింగ్ వేయించండి. ఇవన్నీ మీ శాఖ కాకపోవచ్చు. ఆ శాఖ మంత్రి గారు మీ పక్క కుర్చీలోనే కదా కూర్చునేది, ఒక్క మాట చెప్పండి. ఆ రోజు ఎంఈవో గారిని అడిగినట్టు అడగండి, చాలు. నాకు ఇంతకంటే ఎలా బతిమాలాలో తెలియదు.

బడులు జూన్ 12న తెరుస్తారు. మా చిన్నది ఒకటో తరగతికి వస్తుంది. పసుపు వ్యాను వాళ్లు ఇప్పటికే రెండుసార్లు మా ఇంటికి వచ్చి, సీటు రాసుకోమంటారా అని అడిగి వెళ్లారు. మా ఆయన రాయించేద్దాం అంటున్నాడు. ఇంకో వారం ఆగమని చెప్పాను, మీ దగ్గర్నుంచి ఏదైనా కబురు వస్తుందని.

ఇట్లు,
మూడు, ఆరు తరగతుల పిల్లల తల్లి,
మా ఊరి బడి పేరెంట్స్ కమిటీ సభ్యురాలు