మా లాట్ నంబర్లను తేదీలుగా మార్చేస్తున్న మీ ప్లగిన్‌పై ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం వారికి,

విషయం: ఎక్సెల్ షీట్‌ను వెబ్‌సైట్ టేబుల్‌గా మార్చే మీ ప్లగిన్‌లో లోపాలు, సరిచేయాలని, లేదా చందా డబ్బు వాపసు ఇవ్వాలని

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణం వెబ్‌సైట్ నేను చూసుకుంటాను. రోజూ సాయంత్రం గుమాస్తా రేట్ల షీట్ పంపుతారు. దాన్ని మీ ప్లగిన్‌లో అప్‌లోడ్ చేస్తే సైట్‌లో టేబుల్ రావాలి. షీట్‌లో ఎలా ఉంటే సైట్‌లో అలాగే వస్తుందని మీరు రాసుకున్నది చూసే ఏడాది చందా కట్టాను.

అలాగే రావడం లేదు. ఈ దుకాణంలో లాట్‌ను 7/45 అని రాస్తారు. అంటే ఏడో లాట్, 45 టిక్కీలు (మిర్చి బస్తాలు). మీ టేబుల్‌లో అది 01-07-1945 అయి కూర్చుంది. ఖమ్మం నుంచి ఒక వ్యాపారి ఫోన్ చేసి "ఏసీ సరుకైనా మరీ ఇంత పాతదా?" అని ఎగతాళి చేశారు. ఏసీ సరుకంటే కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచిన మిర్చి. షీట్‌లో ఆ కాలమ్ టెక్స్ట్ ఫార్మాట్‌లోనే ఉంది, ఎక్సెల్ దాని జోలికి పోలేదు. మీ ప్లగిన్ సొంత తెలివితో తేదీ అనుకుని మార్చేసింది. విచిత్రం ఏమిటంటే, నిజంగా తేదీ ఉన్న కాలమ్‌ను మాత్రం గుర్తుపట్టదు. 01-04-2024 ఉండాల్సిన చోట 45383 అని చూపింది. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా లోపల దాచుకుంటుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. రైతుకు తెలియాల్సిన పనేముంది? ఒక రైతు అది క్వింటా రేటా అని అడిగారు.

రకాల సంగతి ఇంకా బాగుంది. మిర్చిలో తేజ, బ్యాడిగ లాంటి పేర్లతో పాటు 334, 341 అనే రకాలూ ఉన్నాయి. అవి పేర్లే. మీ ప్లగిన్ వాటిని కూడి, రకం కాలమ్ కింద "మొత్తం 675.00" అని వేసింది.

వీటిని చూసి నవ్వుకోవచ్చు గానీ, రేట్ల వరుస తప్పితే నవ్వులాట కాదు. గరిష్ఠ ధర కాలమ్ మీద నొక్కితే ఎక్కువ రేటు పైకి రావాలి. కామా ఉన్న అంకెలను మాత్రం మీరు అక్షరాలుగా తీసుకుంటున్నారు. కాబట్టి 9 పెద్దది, 1 చిన్నది అన్న లెక్కన 9,500 పలికిన తాలు కాయలు (రంగు పోయిన నాసిరకం మిర్చి) పైన, 18,000 పలికిన తేజ కింద వస్తున్నాయి. అంకె కానిదాన్ని అంకె చేస్తారు, అంకెను అక్షరం చేస్తారు.

ఇక ఫోన్‌లో చూస్తే కుడివైపు చివరి కాలమ్ తెగిపోతోంది, పక్కకు జరపడానికీ వీల్లేదు. ఆ చివరి కాలమే గరిష్ఠ ధర. రైతులు చూసేది ఫోన్‌లోనే.

మీ సపోర్ట్ వారికి మెయిల్ పెడితే, లాట్ నంబరు ముందు ఏదైనా అక్షరం చేర్చుకోమని జవాబిచ్చారు. తక్‌పట్టీలో (దుకాణం ఇచ్చే అమ్మకం చీటీలో) ఒక నంబరు, సైట్‌లో ఇంకో నంబరు ఉంటే కొనేవాళ్లు దేన్ని నమ్మాలి? ప్లగిన్ కోసం దుకాణం లెక్కలు మార్చుకోవడం కుదరదు. సీజన్ ముదిరిన మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రతి సాయంత్రం టేబుల్‌ను చేత్తో సరిచేస్తూ కూర్చున్నాను. అలాంటప్పుడు ప్లగిన్ ఎందుకు?

నేను అడిగేది పెద్ద పని కాదు. ఏ కాలమ్ టెక్స్టో, ఏది అంకెలో, ఏది తేదీయో చెప్పే అవకాశం మాకే ఇవ్వండి. ఆ సెట్టింగ్ మర్నాటి అప్‌లోడ్‌కు చెరిగిపోకూడదు. ధరల వరుస, ఫోన్‌లో పక్కకు జరపడం కూడా సరిచేయండి. లక్షల్లో ఉన్న అంకెకు 1,25,000 అని మన పద్ధతిలో కామా పెడితే సంతోషం. అది ఆలస్యమైనా ఓర్చుకుంటాను, మిగతావాటికి ఓపిక లేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఎప్పటికి సరిచేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. లేదంటే మిగిలిన నెలల చందా వాపసు ఇవ్వండి. రెండూ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని అంటారేమో. ఈ పని నా స్వయం ఉపాధి, చందా కట్టింది నా జేబులోంచి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అలాంటివారికి మినహాయింపు ఇచ్చింది.

అసలు షీట్, మీ టేబుల్ స్క్రీన్‌షాట్లు, చందా రసీదు జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ చందాదారు,
గుంటూరు