బ్రేకర్ పడిపోతుంటే బ్రేకరే మార్చేయమంటారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వంటింటి కరెంటు జాగ్రత్తలు వేశారు. అప్పటి నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఓవెన్ పెట్టినప్పుడల్లా బ్రేకర్ పడిపోతుంటే ‘ఎక్కువ ఆంప్స్ ఉన్నది వేయించుకోండి’ అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. అది చదివి మా వీధిలోనే ఇద్దరు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మా కోడలు ఇంట్లోనే రాగి బిస్కెట్లు, కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంది. ఈ వానలు పట్టినప్పటి నుంచి ఓవెన్ వేసిన రెండు నిమిషాలకే టప్పుమని ఇల్లంతా చీకటి. ట్రేలో పోసిన పిండి అలాగే చల్లారిపోయేది. మొదట వచ్చిన కుర్రాడు బోర్డు మూతయినా తియ్యకుండా ‘పదహారు తీసి ముప్పై రెండు వేసేద్దామండి’ అన్నాడు. రెండో ఆయన ఆ పెద్ద స్విచ్చిని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తానన్నాడు. చూసినందుకే ఇద్దరూ డబ్బులు పుచ్చుకున్నారు.

అనుమానం తీరక ఓవెన్‌ని ఆటోలో మా మరిది ఇంటికి పట్టుకెళ్లాం. అక్కడ గంటసేపు నడిచినా ఏమీ పడలేదు. ‘ఓవెన్ నిక్షేపంలా ఉంది, మీ వైరింగే పాడు’ అని అందరూ తేల్చేశారు. అంతలో ట్రే తీయబోతూ పక్క రేకు మీద చెయ్యి ఆనించిన మా తోడికోడలు ‘అమ్మో’ అని వెనక్కి గెంతింది. రేకుకి టెస్టర్ పెడితే ఎర్రగా వెలిగింది. ఆ ఇంట్లో లీకు పట్టే స్విచ్చీ లేదు, ఆ ప్లగ్గుకి ఎర్త్ వైరూ లేదు. ఏమీ పడకపోవడానికి కారణం అదీ.

చివరికి మా వీధి చివర ఉండే పెద్దాయన వచ్చారు. జీవితమంతా వైరింగ్ పనే చేసి మానేసిన మనిషి. ‘ఏ స్విచ్చి పడిందో ముందు చూడాల కదమ్మా’ అన్నారు. మా బోర్డులో పడుతున్నది టెస్ట్ బటన్ ఉన్న పెద్దది, ఆర్‌సీసీబీ. అది లోడు ఎక్కువైతే పడేది కాదు. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి రాకుండా ఎక్కడో బయటికి కారితే పడుతుంది. ఇళ్లకు వేసేది 30 మిల్లీ ఆంప్స్‌ది. మనిషి ప్రాణం పోకుండా కాపాడేందుకే అంత సున్నితంగా పెట్టారు. చిన్న స్విచ్చిలు, అంటే ఎంసీబీల సంగతి వేరు, అవి లోడు ఎక్కువైతే పడేవి. ఓవెను, గీజరు, ఇస్త్రీ పెట్టె ఒకే లైను మీద వేస్తే కాసేపటికి పడేది అవి. మా ఓవెన్ 2000 వాట్లు, అంటే తొమ్మిది ఆంప్స్ కూడా లాగదు. పదహారు ఆంప్స్ పాయింటుకి అది బరువే కాదు. అలాంటప్పుడు ముప్పై రెండు ఎందుకు? రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు మీద ముప్పై రెండు వేస్తే, లోడు పెరిగినప్పుడు బ్రేకర్ పడే లోపు గోడలో వైరే కాలొచ్చు.

ఆయన ఓవెన్ ప్లగ్గు పీకించి మిగతావన్నీ వేయించారు, ఏమీ పడలేదు. తర్వాత ఓవెన్ నాబ్ పై రాడ్ ఒక్కదాని మీద పెట్టించారు, నిలిచింది. కింది రాడ్ మీదికి తిప్పగానే టప్. ప్లగ్గు తీసేసి, వెనక రేకు విప్పి, మెగ్గర్ (కరెంటు లీకు పట్టే మీటరు) పెట్టి చూస్తే కింది రాడ్‌దే లీకు. ఆ రాడ్లలో తీగ చుట్టూ తెల్లటి పొడి కూరి ఉంటుందట. వేసవంతా అటక మీద పడి ఉన్న ఓవెన్‌లో, రాడ్ చివర సీలు పగిలిన చోట ఆ పొడి చెమ్మ పీల్చేసింది. కొత్త రాడ్ వేశాక ఇప్పటికి వారం, ఒక్కసారీ పడలేదు. ఈ కాస్త పరీక్ష మీ చిట్కాల్లో రెండు వాక్యాలు పట్టేది.

నా బాధ ఓవెన్ గురించే కాదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎర్త్ గుంత ఎక్కడుందని అడిగితే వాచ్‌మన్‌కీ తెలియదు, కట్టినాయనకీ గుర్తులేదు. పార్కింగ్ టైల్స్ కింద పూడ్చేశారు. బొగ్గు, ఉప్పు వేసి చెమ్మ ఆరకుండా నీళ్లు పోయాల్సిన గుంత అది. ఎర్త్ సరిగా లేకపోతే ఆ లీకు మనిషి ముట్టుకునే దాకా ఓవెన్ రేకు మీదే కాచుకుని ఉంటుంది. మీటరు ఇచ్చే ముందు ఎవరైనా వచ్చి ఎర్త్ కొలిచారా? మా బిల్డింగ్‌లో ఎవరికీ అలాంటి గుర్తు లేదు. కాగితం మీద సంతకం ఉంటే మీటరు వచ్చేస్తోంది. బిల్లు ఒక నెల ఆలస్యమైతే మాత్రం మనిషి వెంటనే గుమ్మంలో ఉంటాడు. హుద్‌హుద్‌కి 2014లో రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, ఎవరినీ ఏమీ అనలేదు, అది తుపాను. ఇది తుపాను కాదు కదా. పైడితల్లి అమ్మవారి పండక్కి ఇనప స్తంభాలకి సీరియల్ లైట్లు చుడతారు. పిల్లలు ఆ స్తంభాలే పట్టుకుని నిలబడి సిరిమాను ఊరేగింపు చూస్తారు. వాటికి ఎర్త్ ఉందో లేదో చూసే నాథుడు ఉన్నాడా?

అధికారులు కొత్త మీటర్లకైనా ఎర్త్ కొలిచి ఇవ్వాలి. మీరు మాత్రం ముందు ఆ చిట్కా సరిదిద్దండి. పడిపోయిన స్విచ్చిని మళ్లీ మళ్లీ పైకి ఎత్తొద్దని, ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇప్పించుకోవద్దని, దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూసుకోమని రాయండి. మొన్నటి చిట్కా ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో, సవరణ కూడా అదే పేజీలో అంత పెద్ద అక్షరాల్లోనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం