మేడే సంగతి: బాబాయికి మూడో కాగితం చూపించకు

చికాగో
6 మే 2006, శనివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

తిట్టుకో, పడతాను. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి మే నెలలో జవాబు రాస్తున్నా. అదీ పక్క అపార్ట్‌మెంట్ ఆయన రేపు పొద్దున్నే ఇండియా బయల్దేరుతున్నాడని తెలిసి, గబగబా. సూట్‌కేసు మూసేలోపు ఇచ్చెయ్యాలి. ఫోన్లో చెప్పచ్చుగా అంటావు. ఫోన్ కార్డులో ఇంకా ఎన్ని నిమిషాలున్నాయో లెక్క చూసుకుంటూ మాట్లాడితే మనసులో మాట ఎక్కడొస్తుందిరా.

నా ఆరోగ్యం బాగుంది, ప్రాజెక్టు డిసెంబరు దాకా ఉంది, చెల్లి కూతురు ఫొటోలు చూశా, అచ్చం మా అమ్మమ్మ. పెళ్ళి సంబంధాల గురించి అడగకు. అయిపోయింది.

ఇప్పుడు అసలు కబురు. బాబాయి స్టేషన్ దగ్గర జెండా ఎగరేసి "చికాగో అమరవీరులకు" అని గొంతెత్తితే మనం శనగల పొట్లం కోసం వెనక నిలబడి జోహార్ జోహార్ అనేవాళ్ళం, నువ్వొక ఏడాది నిద్రమత్తులో "గోవిందా" అన్నావు, గుర్తుందా? ఆ చికాగోలో నాలుగేళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ మే 1 సెలవే కాదు, వీళ్ళ కార్మిక దినం సెప్టెంబరులో వస్తుంది. ఇన్నాళ్ళూ నేనూ పట్టించుకోలేదు. మొన్న సోమవారం మాత్రం ఆఫీసుకొచ్చేసరికి చెత్తబుట్టలు నిండే ఉన్నాయి, కింద శాండ్‌విచ్ కొట్టు తలుపుకి చేత్తో రాసిన కాగితం అంటించారు: ఈ రోజు తెరవం. పన్నెండు దాటాక కిటికీలోంచి చూస్తే వీధి కనపడటం లేదు, అంతా తెల్ల చొక్కాలే.

డిసెంబరులో ఇక్కడి దిగువ సభ ఒక బిల్లు పాస్ చేసింది. 239 మంది అవునన్నారు, 182 మంది కాదన్నారు. దాని ప్రకారం వీసా కాగితాలు లేకుండా ఈ దేశంలో ఉండటమే క్రిమినల్ నేరం, మెక్సికో సరిహద్దులో 700 మైళ్ళ కంచె. అలాంటివాళ్ళు కోటి పైనే ఉంటారని అంచనా. ఎగువ సభ సెనేట్‌లో ఇంకా తేలలేదు. దానికి వ్యతిరేకంగానే మార్చిలో ఇక్కడ లక్ష మంది నడిచారు, తర్వాత లాస్ ఏంజిలిస్‌లో అయిదు లక్షలన్నారు. ఇక్కడ జనాన్ని కదిలించింది ఎక్కువగా స్పానిష్ రేడియో వాళ్ళేనట. మొన్న "వలసవాళ్ళు లేని రోజు" అని పిలుపు: పనికి పోవద్దు, ఏమీ కొనద్దు. ఒక్క మా ఊళ్ళోనే నాలుగు లక్షల మంది అని పోలీసుల లెక్క. మన కృష్ణా పుష్కరాలు గుర్తొచ్చాయి, కాకపోతే ఇక్కడ ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు.

లంచ్ తెచ్చుకుంటానని చెప్పి కిందికి దిగానా, ఇక పైకి రాలేదు.

పిల్లల బళ్ళు తోసుకుంటూ తల్లులు, పెయింటు మరకల బూట్లతో మగవాళ్ళు. మెక్సికో వాళ్ళే కాదు, పోలండ్ వాళ్ళూ కనపడ్డారు. మార్చిలో మెక్సికో జెండాలు పట్టుకున్నారని టీవీలో దుమ్మెత్తిపోశారు కదా, ఈసారి ఎక్కడ చూసినా అమెరికా జెండాలే. "సీ సె ప్వేదె" అంటున్నారు, అంటే సాధ్యమే అని. ఇంకోటి, "ఈ రోజు నడుస్తాం, రేపు ఓటేస్తాం". ఇంతలో వెనక నుంచి ఎవరో "సార్! కారం దోసా?" అన్నారు. ఎవరనుకున్నావ్? దోసె వేసే హోసే!! డెవాన్ వీధి హోటల్లో సాంబారు నాకి చూసి ఉప్పు తక్కువని చెప్పే మనిషి, రాశాను కదా పోయిన ఉత్తరంలో. భుజం మీద కూతురు, దాని చేతిలో కాగితం జెండా, సగం కొరికేసింది. నా చేతిలో ఇంకో జెండా పెట్టాడు.

తీసుకున్నా. అయిదు నిమిషాలు పట్టుకున్నా. అప్పుడు ఎదురుగా ఒకడు కెమెరా ఎత్తాడు. అంతే, జెండా లాప్‌టాప్ బ్యాగులో దూర్చేశా. నా వీసా సక్రమం, పన్ను కడతాను, రోడ్డు మీద నిలబడితే ఎవడేం చేస్తాడు? అయినా కడుపులో టెన్షన్, గ్రీన్ కార్డు ఫైలు ఎక్కడ ఆగిపోతుందోనని. ఏ కాగితమూ లేని హోసే మాత్రం కూతుర్ని ఇంకా పైకెత్తి కెమెరా వైపు చెయ్యి ఊపించాడు. సిగ్గేసిందిరా.

బాబాయికి ఇది తప్పకుండా చెప్పు. వీళ్ళు బయల్దేరిన యూనియన్ పార్కు నుంచి హేమార్కెట్ కూడలికి నడిచి వెళ్ళచ్చు. 1886లో ఎనిమిది గంటల పని కోసం గొడవ జరిగింది అక్కడే. మర్నాడు లైబ్రరీలో చదివా: ఆ గొడవ కేసులో ఉరి తీసిన నలుగురిలో, అదే బాబాయి జోహార్లు చెప్పే అమరవీరుల్లో, ముగ్గురు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళట! ఆయనకి తెలిసే ఉంటుందిలే, మనకే శనగల మీద ధ్యాస.

(మూడో కాగితం. ఇది నీకు మాత్రమే.)

రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. నా రూమ్మేట్, అదే మన "ఇస్త్రీ చొక్కా", మండిపడ్డాడు. "మనం ఆరేళ్ళుగా గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం, కంపెనీ మారితే ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది, వీళ్ళు గోడ దూకొచ్చి హక్కులంటారా?" వాడిది పూర్తిగా తప్పని అనలేను. ఉద్యోగాల మీద ఇచ్చే కార్డులు ఏడాదికి 1,40,000, ఏ దేశానికైనా ఏడు శాతమే. ఇండియా అయినా, మన జిల్లా అంత లేని దేశమైనా ఒకటే వాటా. నేనూ మొన్నటిదాకా వాడి మాటే అన్నా. కానీ ఒరేయ్, 2001లో మూడు నెలలు ప్రాజెక్టు లేక బెంచ్ మీద జీతం లేకుండా కూర్చున్నాను కదా, నువ్వు వెయ్యి రూపాయలు వాళ్ళింట్లో ఇచ్చి వీళ్ళింట్లో... సరే వదిలెయ్. అప్పుడు నా కాగితాలు ఎంత సక్రమం? జీతం ఇవ్వాల్సింది కంపెనీయే. కానీ జీతం చీటీ చూపించమంటే ఏం చూపించేవాణ్ణి?

ఇదంతా జరుగుతుంటే మా రూమ్మేట్లలో మూడోవాడు మాట్లాడకుండా గిన్నెలు తోముతున్నాడు. తోమిన కుక్కరే మళ్ళీ తోముతున్నాడు. ఫీజు కట్టలేక చదువు వదిలేశాడు, వీసా పోయి ఏడాదైంది, రాత్రుళ్ళు గ్యాస్ స్టేషన్లో చేతికి డబ్బులిచ్చే పని. వాళ్ళ నాన్న ఊళ్ళో అందరికీ "మావాడు ఎమ్మెస్" అనే చెప్పుకుంటున్నాడు. ఆ బిల్లులో ఇంకో మాటుంది. అలాంటివాడు ఇక్కడే ఉండిపోవడానికి సాయపడినవాడూ నేరస్థుడేనట. అంటే అద్దె పంచుకుంటున్న నేనూ, చివరికి ఇస్త్రీ చొక్కా కూడా! ఆ సంగతి వాడికి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. వాడికి మూడోవాడి సంగతి తెలుసో లేదో కూడా నాకు

పక్క అపార్ట్‌మెంట్ ఆయనొచ్చేశాడు, చేతిలో తూకం మిషనుతో సహా. జెండా కూడా ఇందులోనే పెడుతున్నా, మడతపడింది, బాబాయికివ్వు. ఈ కాగితం చదవగానే చించెయ్, పొయ్యిలో పడెయ్

నీ
రాజా