పరకాల రోడ్డు మీది పెద్దమ్మకు, ఇంకా అందరికీ

ఫోన్లు చేసినోళ్లకు, ఇంటిదాకా వచ్చి చూసిపోయినోళ్లకు ఒక్కొక్కరికి జవాబు చెప్పే ఓపిక ఇంకా రాలేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్న. డిసెంబర్‌ల ఒక రాత్రి డ్యూటీ నుంచి బండి మీద వస్తుంటే నాకు పానం బాగలేకుండ అయింది, రోడ్డు పక్క చాయ్ హోటల్ పెద్దమ్మనే నన్ను ఆపి చూసుకున్నది. ఇప్పుడు పానం నిమ్మలంగ ఉన్నది. గుండెకు ఏం కాలేదన్నరు. బీపీ బాగ పెరిగింది, నిద్ర లేదు, ఒళ్లు పూర్తిగ అలిసిపోయింది. మాత్రలు మొదలైనయి, రెస్ట్ రాసిండ్రు. రెండు పూటలు పండుకున్నా కండ్లు ఇంకా మంటగనే ఉన్నయి. రాసేటప్పుడు తప్పులు పోతే మన్నించున్రి.

నా పని తెలియనోళ్లకు ఒక మాట. నేను మెడికల్ రెప్‌ను, అంటే మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలిసి మా మందుల గురించి చెప్పేటోణ్ణి. హన్మకొండ హెడ్‌క్వార్టర్. పరకాల, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, మహబూబాబాద్ అన్నీ బండి మీదనే. పొద్దున స్టాకిస్ట్ (మా మందుల హోల్‌సేల్ వ్యాపారి) దగ్గర, తర్వాత హాస్పిటళ్ల ఓపీ, సాయంత్రం నుంచి క్లినిక్‌ల ముందు నిలబడుడు. డాక్టర్ గారు ఆఖరి పేషెంట్‌ను చూసినంకనే మమ్మల్ని లోపలికి పిలుస్తరు. ఒక్కోసారి రాత్రి పది దాటుతది. అందుల డాక్టర్లను అనేదేం లేదు, పేషెంటే ముందు. కానీ అక్కడికన్నా మా రోజు అయిపోవాలె కదా. అయిపోదు. ఇంటికొచ్చినంక డీసీఆర్, అంటే ఆ రోజు ఎవరెవరిని కలిసిననో చెప్పే రిపోర్టు, నింపాలె, రేపటి ప్లాన్ పెట్టాలె, గ్రూపుల మెసేజ్‌లకు జవాబియ్యాలె. నెలాఖరుకు అమ్మకాల టార్గెట్ లెక్క తేల్చే క్లోజింగ్ వారం అయితే చెప్పే పనే లేదు.

ఆ రాత్రి డిసెంబర్ క్లోజింగ్. మూడు నెలల క్వార్టర్ లెక్క గూడ అప్పుడే. భూపాలపల్లిల ఆఖరి కాల్ (డాక్టర్‌ను కలుసుడునే మేము కాల్ అంటం) చేసుకొని, పరకాలల మెడికల్ షాపుల ఆర్డర్లు రాసుకొని హన్మకొండకు బయలెల్లిన. ఆ రోడ్డు తెలిసినోళ్లకు తెలుసు, బొగ్గు లారీలు, ఇసుక లారీలు రాత్రంత నడుస్తనే ఉంటయి. చలికి చేతులు కొంకర్లు పోతున్నయి. ఛాతిల బరువుగ అనిపిస్తున్నది. ఎదురొచ్చే లైటు ఒకటి రెండుగ కనబడ్డది. రోడ్డు పక్కన చాయ్ హోటల్ కనబడితే ఆపిన. హోటల్ అంటే రేకుల షెడ్డు, ఒక పొయ్యి, ముందట ఒక నులక మంచం. అప్పటికే సామాన్లు కడిగి పెట్టేసిందామె.

"చాయ్ అయిపోయింది బిడ్డా" అన్నది. తర్వాత నా మొఖం చూసి దగ్గరికొచ్చింది. "గట్ల ఊగుతున్నవేంది, తాగినవా?"

"లేదు పెద్దమ్మా, నిద్ర."

"నిద్రొస్తే పండుకుంటరు గని బండి నడుపుతరా?"

ఇంకో మాట అనకుండ బండి తాళం చెవి గుంజి కొంగున ముడేసుకున్నది. నేను పోవాలె, క్లోజింగ్ ఉన్నది అని ఏదో చెప్తనే ఉన్న. ఆమెకు క్లోజింగ్ అంటే ఏం తెలుసు, తెలుసుకోవాలని గూడ చూడలే. మంచం మీద కూసోబెట్టి, కింద కూసోని, నా బూట్ల దారాలు విప్పింది.

ఇది రాస్తుంటే మళ్లీ కండ్లల్ల నీళ్లొస్తున్నయి. మా అమ్మ వయసుంటది ఆమెకు, ఇంకా పెద్దదేనేమో. నేనెవరో తెలువదు, ఏ ఊరో తెలువదు, ఏ కులమో అడగలే. వద్దు పెద్దమ్మా అని కాళ్లు వెనుకకు గుంజుకున్న. "ఊకో, కాళ్లు ఎట్ల వాసినయో చూసుకున్నవా" అని మళ్లీ పట్టుకున్నది. సాక్సులు విప్పితే పిక్కల మీద లోతుగ గీత పడి ఉన్నది. పొద్దున ఆరింటికి వేసుకున్న బూట్లు అవి. ఆ గీత మీద రెండు చేతులతోని ఒత్తింది. ఆమె చేతులు గిన్నెలు తోమి తోమి గరుకుగ ఉన్నయి, నీళ్లల్ల నాని చల్లగ ఉన్నయి. నన్ను పండబెట్టి తన చెద్దరు తెచ్చి కప్పింది. నిప్పులింకా ఉన్నయో లేదో చూసి పొయ్యి మళ్లీ రాజేసి, అయిపోయిందన్న చాయ్ నా ఒక్కనికోసం పెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. నా చెయ్యి దుప్పట్లకెల్లి దానంతటదే బయటికొచ్చింది. ఆమె ఫోన్ తీసుకున్నది. నేను కండ్లు మూసుకొనే ఉన్న, మాటలన్నీ వినబడుతున్నయి.

"పిలగాడు పండుకున్నడు సారూ. లేపను. పానం బాగలేదు. తెల్లారినంక చెయ్యున్రి."

అవతల ఏమన్నరో నాకు వినబడలే. ఎవరు మాట్లాడేది అని అడిగి ఉంటరు.

"నేనా? వాళ్ల అవ్వను."

అంతే. ఫోన్ పెట్టేసింది. నేను చెద్దరు మొఖం మీదికి గుంజుకొని ఏడ్చిన. ఎన్నేండ్ల నుంచో ఆ ఫోన్ మోగంగనే "సార్, చెప్పండి సార్" అనుడు తప్ప ఇంకో జవాబు ఉంటదని నా మనసుకు తోచనేలేదు. మనిషి పండుకున్నడు, లేపను అనొచ్చు. నాకు సంబంధం లేని ఒక తల్లి అన్నది.

పక్క ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్‌ను పిలిపించింది కూడా ఆమెనే. ఆయన చలిల మంకీ క్యాప్ పెట్టుకొని వచ్చి బీపీ చూసిండు, 180 మీద 110. ఇంక ఆగొద్దు, పెద్ద దవాఖానకు పోవాలె అన్నడు. నా భార్య ఫోన్ వస్తే ఆమెకు గూడ పెద్దమ్మనే నిమ్మలంగ చెప్పింది. మా స్టాకిస్ట్ అన్న హన్మకొండ నుంచి కారు వేసుకొని వచ్చేదాక షెడ్డు మూయలే, నా పక్కన్నే కూసున్నది. నాకు నిద్ర రాకుండ, మెల్లగ ముచ్చట చెప్పుకుంట ఉన్నది. ఆమె కొడుకు హైదరాబాద్‌ల సెక్యూరిటీ గార్డు. డబల్ డ్యూటీ చేస్తడట. "ఫోన్ల మాట్లాడుకుంటనే నిద్రపోతడు బిడ్డా. హలో హలో అంట, గురక వినబడతది. కట్ చెయ్య బుద్ధి కాదు" అన్నది.

వరంగల్ సర్కారు పెద్దాసుపత్రి ఎంజీఎం క్యాజువాలిటీల ఆ రాత్రి డ్యూటీల ఉన్న డాక్టరమ్మకు, ఈసీజీ తీసిన తమ్మునికి, సెలైన్ పెట్టి గంటకోసారి వచ్చి బీపీ చూసిన సిస్టర్‌కు దండాలు. మా ఇంట్లోళ్ల గురించి వేరే చెప్పేదేముంది, అమ్మ, నాయిన, నా భార్య, బామ్మర్ది అందరూ ఉన్నరు, వాళ్లు లేకుంటే నేను లేను.

నేను ఎప్పుడూ కలిసే హన్మకొండ డాక్టర్ గారొకరు తర్వాత పిలిచిండ్రు. బ్యాగు పట్టుకొని నిలబడే చాంబర్‌ల మొదటిసారి పేషెంట్ కుర్చీల కూసున్న. ఆయన ప్రిస్క్రిప్షన్ చీటి వెనుకవైపు తిప్పి, సోమవారం నుంచి చెప్పు, పొద్దున ఎన్నింటికి ఇల్లు వదిలినవ్, రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెట్టినవ్ అని అడుగుతూ గంటలు రాసిండ్రు. ఆదివారం పెట్టే టూర్ ప్లాన్ గూడ వదలలే. కూడితే డెబ్బై దాటింది. అప్పుడు చెప్పిండ్రు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021ల ఒక లెక్క తీసినయట. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేటోళ్లతోని పోలిస్తే, 55 గంటలు, ఆపైన చేసేటోళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతోని చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లనే ఎక్కువ గంటల పని వల్ల 7,45,000 మంది పక్షవాతంతోని, గుండెజబ్బుతోని పోయిండ్రని అంచనా. నా బ్యాగుల ఉండేవి బీపీ మందులే. పక్షవాతం గురించి రోజూ చాంబర్లల్ల చెప్పేటోణ్ణి. గంటలకు, దానికి ఉన్న లంకె గురించి మాకు ఏ ట్రైనింగ్‌ల చెప్పలే.

ఒంటికంటే ముందు ఇంట్ల ఏం మారిందో చూసుకో అన్నరు ఆయన. ఆ మాట పట్టుకొని ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒకటెనుక ఒకటి గుర్తొచ్చినయి. సద్దుల బతుకమ్మ, సెప్టెంబర్ క్లోజింగ్ ఒక్కసారే వచ్చినయి. నేను పద్మాక్షి గుట్ట కాడికి పోయేటాలకు బతుకమ్మలన్నీ నీళ్లల్లకు పోయినయి, నా బిడ్డ ఖాళీ తాంబాళం పట్టుకొని మెట్ల మీద కూసున్నది. నా భార్య, నేను ఒకే ఇంట్ల ఉండి కూరగాయల ముచ్చట గూడ వాట్సాప్‌ల మాట్లాడుకునుడు అలవాటైంది. దోస్తు పెండ్లికి పోతే భోజనాల కాడ గూడ కన్ను ఫోన్ మీదనే. అన్నింటికంటే, బిడ్డ ఆటల గురించి చెప్పాలె. రిమోట్ చెవి కాడ పెట్టుకొని గోడ దిక్కు తిరిగి, గొంతు తగ్గించి, "ఓకే సార్, అయిపోతది సార్, సారీ సార్" అంటది. ఇంట్ల అందరం చూసి ముద్దొచ్చి నవ్వినం. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు రాదు. నా గొంతును ఆమె ఎక్కడ విన్నదో, ఎన్నిసార్లు విన్నదో ఆ ఆటే చెప్తున్నది. ఇసొంటివి మీ ఇండ్లల్ల గూడ కనబడితే చిన్నయి అని తీసెయ్యకున్రి. ఛాతి బరువు రాకముందే ఇవి వస్తయి.

దీనికి బర్నవుట్ అని పేరుందట. 2019ల ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగాల్ల కలపలే గని, పనిచేసే కాడ పుట్టే బాధ అని రాసింది. ఒంట్ల సత్తువ పూర్తిగ పోవుడు, పని అంటేనే విరక్తి పుట్టుడు, ఎంత చేసినా ఏం చేయలేకపోతున్న అనిపించుడు. మూడూ నాకున్నయి. మనసుల బాధ ఎవరితోనన్న చెప్పుకోవాలంటే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్ ఉన్నది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు అని డాక్టర్ గారు రాసిచ్చిండ్రు. నేను చేసిన. మీరు గూడ చెయ్యొచ్చు.

ఇంక కంపెనీ ముచ్చట. రాయొద్దనుకున్న, కానీ రాయకుండ ఉండలేకపోతున్న. దవాఖాన మంచం మీద సెలైన్ ఎక్కుతుంటే నాకొచ్చిన మొదటి మెసేజ్ ఏందంటే, రెండు రోజుల డీసీఆర్ పెండింగ్ ఉన్నది, నింపితేనే లీవ్ అప్రూవ్ అయితది అని. చేతికి సూది ఉన్నది, ఎడమ చేతితోని నింపిన. మా మేనేజర్ మీద నాకు కోపం లేదు. ఆయన పైన ఇంకొకాయన, ఆయన పైన ఇంకొకాయన. కానీ ఇది ఎక్కడో ఒక కాడ ఆగాలె. మా సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల కోసమనే 1976ల ప్రత్యేకంగ ఒక చట్టం తెచ్చిండ్రు. పదకొండు రోజుల డ్యూటీకి ఒక రోజు జీతంతోని సెలవు అని అందుల రాసి ఉన్నది. అది కాయితం మీద సెలవు, అడిగినప్పుడు ఎంతమందికి దొరికిందో రెప్‌లు ఎవరినన్నా అడగున్రి. ఇప్పుడు ఆ చట్టం గూడ పోయి, నవంబర్ 2025ల అమలులకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లల్ల కలిసింది. 8 గంటల పని అని 1919లనే అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందం రాసుకున్నది. ఫోన్ల లొకేషన్ చూసుకుంట, రాత్రి పదకొండింటికి "స్టేటస్?" అని అడిగే మా పనికి ఆ 8 గంటలు ఎక్కడ మొదలైతయి, ఎక్కడ అయిపోతయి? ఫ్రాన్స్‌ల 2017 నుంచి డ్యూటీ అయినంక ఫోన్ ఎత్తకుండ ఉండే హక్కు చట్టంల ఉన్నది. ఆస్ట్రేలియాల 2024ల వచ్చింది. మన పార్లమెంట్‌ల గూడ ఇదే హక్కు కోసం ప్రైవేట్ బిల్లు (సర్కారు కాకుండ ఎంపీ సొంతంగ పెట్టేది) పెట్టిండ్రు, చట్టం కాలే. అక్కడిదాక పోవుడు ఎట్లాగో నాకు తెలువదు. రాత్రి తొమ్మిది దాటితే గ్రూపుల మెసేజ్ పెట్టకున్రని మాత్రం మా యూనియన్ అన్నలతోని కలిసి రాసిచ్చిన. ఆ కాయితం మీద నా సంతకం మొదటిది.

కొంచెం నడవొచ్చినంక నా భార్యను తోలుకొని పెద్దమ్మ దగ్గరికి పోయిన. చీర తీసుకున్నది. పైసలు పట్టలే. "నీ గురించి రాస్త పెద్దమ్మా" అంటే "నా పేరు గీరు రాయకు, మళ్ల ఎవలన్న వచ్చి ఫోటోలు తీస్తరు" అన్నది. అందుకే పేరు రాస్తలేను, ఊరు గూడ చెప్తలేను. ఆమె పెద్ద పని చేసిన అని అనుకుంటనేలేదు. చాయ్ పోసి, బిడ్డను ఒళ్లో కూసోబెట్టుకొని, ఏ క్లాసు, పంతులమ్మ కొడతదా అని అడుగుతనే ఉన్నది. లేసి వస్తుంటే నన్ను ఒక్కటే అడిగింది, "ఇయ్యాల అన్నం ఎన్నింటికి తిన్నవ్?" అని. పెద్దమ్మా, నీకు ఫోన్ల ఈ ముచ్చట ఎవరన్న చదివి వినిపిస్తే, రోజూ ఎనిమిదింటికి తింటున్న, బిడ్డతోని కలిసే తింటున్న.

ఇంకా, ఇప్పుడే గుర్తొస్తున్నది, మర్చిపోతే పాపం తగులుతది: నా బండిని షెడ్డు కిందికి తోసి బ్యాగు, శాంపిల్స్ పోకుండ చూసిన లారీ డ్రైవరన్నకు, పేరు గూడ అడగలేదు. పరకాల మెడికల్ షాపు అన్న ఆ నెల బాకీ నేను అడగకముందే ఫోన్‌పే చేసిండు. నా ఏరియా కాల్స్ పంచుకొని చేసిన వేరే కంపెనీల రెప్ తమ్ముళ్లకు, మన మధ్య పోటీ ఉన్నా మీరు చేసింది మర్చిపోను. రెండు రోజులు బిడ్డను బడికి దింపిన పక్కింటి ఆంటీకి. ఎంజీఎం కాడ స్ట్రెచర్ దొరకకుంటే కుర్చీల తోసుకపోయిన వార్డు అన్నకు. బండి హన్మకొండ దాక నడుపుకొని వచ్చిన పిలగాండ్లు ఇద్దరు, హెల్మెట్ మీ దగ్గరనే ఉన్నది, ఉంచుకోన్రి తమ్మీ, కానీ నంబర్ పంపున్రి, పెట్రోల్ పైసలు ఇచ్చేది ఉన్నది.