గట్లు లేని పొలాల ఊరు: లాక్స్‌టన్ గురించి బాబాయ్‌కి ఉత్తరం

నాటింగ్‌హామ్

బాబాయ్ గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మన కాలవ గట్టు దగ్గర పై చేను వాళ్లతో వచ్చిన హద్దురాళ్ల తగాదా గురించి రాస్తూ, ఇంగ్లండ్ రైతులకు గట్టు తగాదాలు రావా, వస్తే ఎవరు తీరుస్తారు అని అడిగారు కదా. ఇక్కడి చాలా ఊళ్లలో ఎవరి పొలం చుట్టూ వాళ్లకు ముళ్లకంచె ఉంటుంది, తేడా వస్తే లాయరు దగ్గరికి వెళ్తారు. అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పుకోవలసిన ఊరు ఒకటుంది, లాక్స్‌టన్. అక్కడి పెద్ద పొలాల్లో రైతుకూ రైతుకూ మధ్య కంచె లేదు, గట్టు కూడా లేదు. హద్దులు ఊరి రైతులే ఏటా నడిచి చూస్తారు, దాటినవాళ్లకు జరిమానా వేస్తారు. ఈ పని కొన్ని వందల ఏళ్లుగా సాగుతోంది.

ఊరు నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూఆర్క్ పట్టణానికి ఉత్తరాన ఉంది. ఇళ్లన్నీ వీధి పొడవునా, ఒకదాని పక్కన ఒకటి. మన ఊళ్లలాగే రైతు ఇల్లు ఊళ్లో ఉంటుంది, పొలం ఊరి బయట ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఇది అరుదు. పొలాలకు కంచెలు పడ్డాక రైతులు చాలామంది పొలంలోనే ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఉత్తరం వైపు నార్మన్ల కాలపు మట్టికోట దిబ్బ ఉంది, నడుమ సెయింట్ మైకేల్ చర్చి ఉంది. పొలాలు వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు. ఒక్కొక్కటీ చాలా పెద్దది, లోపలంతా పొడవాటి పట్టీలు. ఒక్కో రైతుకు మూడు పొలాల్లోనూ అక్కడక్కడా పట్టీలుంటాయి, అన్నీ ఒకచోట ఉండవు.

అలా చెదరగొట్టడానికి కారణం మీకు వేరే చెప్పక్కర్లేదు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు మెరకంతా ఒకరికి, పల్లమంతా ఇంకొకరికి పోకుండా ప్రతి చేనునూ నిలువునా చీలుస్తాం కదా, అదే లెక్క. అక్కడిది బరువైన బంకమట్టి. వాన ఎక్కువైతే పల్లంలో నీళ్లు నిలిచి మొలక కుళ్లిపోతుంది, ఎండాకాలంలో మెరక నెర్రెలు విచ్చుతుంది. పట్టీలు అన్నిచోట్లా ఉంటే ఎవరి కుటుంబమూ ఒక్క ఏడాదిలో మునిగిపోదు.

పట్టీ కొలత వింటే మీకు సంతోషం వేస్తుంది. పాత లెక్కలో ఒక ఎకరం పట్టీ పొడవు 220 గజాలు, వెడల్పు 22 గజాలు, మొత్తం 4,840 చదరపు గజాలు. మనం నూరు సెంట్లని లెక్కపెట్టే ఎకరమూ ఇదే. బ్రిటిష్ వాళ్ల సర్వేతో మన దగ్గరికి వచ్చింది. 22 గజాలంటే సర్వేయరు గొలుసు ఒక్కటి. 220 గజాల పేరు ఫర్లాంగు, అంటే చాలు పొడవు. నిజానికి చాలా పట్టీలు అంతకంటే సన్నంగా ఉండేవి. 20వ శతాబ్దం మొదట్లో అప్పటి భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ చిన్నచిన్న పట్టీలను కలిపి వెడల్పు చేయించారు కాబట్టి ఇప్పుడు ట్రాక్టర్లు తిరగగలుగుతున్నాయి.

మన పాత కర్రనాగలి మట్టిని చీలుస్తుందే గానీ తిరగెయ్యదు. వీళ్లది రెక్కనాగలి, మట్టిని ఎప్పుడూ కుడివైపుకే పడేస్తుంది. పట్టీ నడుమ మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ దున్నితే ప్రతి చాలులోనూ మట్టి నడుమ వైపుకే చేరుతుంది. ఏళ్లు గడిచేసరికి పట్టీ మధ్య ఎత్తుగా లేచి, రెండు పక్కలా కాలవలా పల్లం ఏర్పడుతుంది. బంకనేలలో నీరు పోవడానికి ఆ పల్లాలే దారి. ఇంగ్లండ్‌లో పచ్చిక బయళ్ల మీద సాయంత్రం ఏటవాలు ఎండ పడినప్పుడు అలలు అలలుగా కనిపించేవి ఈ పాత దున్నకాలే. కొన్నిచోట్ల ఆ గీతలు తిన్నగా ఉండవు, పొడవునా కాస్త వంకర తిరిగి ఉంటాయి. వరసగా కట్టిన ఎద్దుల జతల పొడుగాటి బారు చివర్లో మలుపు తిరగాలంటే ముందే ఒక పక్కకు ఒరగాలి. ఆ ఒరుగు నేలలో అలాగే మిగిలిపోయింది.

పంట మార్పిడి మూడేళ్ల చక్రం. ఒక పొలంలో శరదృతువులో గోధుమ చల్లుతారు, అది చలికాలమంతా నేలలో ఉండి మరుసటి ఆగస్టుకు కోతకు వస్తుంది. రెండో పొలంలో వసంతంలో వేసే బార్లీ, చిక్కుడు జాతి పంటలు. మూడోది పూర్వం బీడు, ఊరి పశువులు మేసి ఎరువు వేసేవి. ఇప్పుడు అందులో పశుగ్రాసం వేసుకోనిస్తున్నారు. ఏటా చక్రం ఒక్క మెట్టు తిరుగుతుంది. పొలం మొత్తానికీ ఒకే వరస కాబట్టి ఎవరికి వారు ‘ఈసారి నా పట్టీలో వేరే వేస్తాను’ అనడానికి వీల్లేదు.

హద్దుల సంగతి. దీనికి కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టుంది. దాని కింద 12 మంది రైతుల జ్యూరీ, వాళ్లకొక పెద్ద. నవంబరు చివర్లో ఒకరోజు జ్యూరీ ఆ ఏడు గోధుమ చల్లిన పొలానికి వెళ్తుంది. ఆ సమయం ఎంచుకోవడంలోనే తెలివంతా ఉంది. అప్పటికి మొలక పచ్చగా వరసలు కట్టి ఉంటుంది, ఎవరి వరస ఎక్కడిదాకా పాకిందో కంటికే తెలిసిపోతుంది. కట్టెమేకులూ సుత్తీ వెంట ఉంటాయి. ఒక కొస నుంచి ఇంకో కొసకు చూపు సరిపెట్టుకుని, పట్టీల మధ్య హద్దు పడే చోట మేకు దిగ్గొడతారు. మళ్లీ దున్నేటప్పుడు ఆ మేకే గుర్తు.

తప్పులు పెద్దవేమీ కావు, తరచుగా జరిగేవి. ఒక చాలు ఎక్కువ దున్ని ఊరి దారిలోకి రావడం, సైక్‌లోకి రావడం, మురుగు కాలవ బాగుచేయకపోవడం. సైక్ అంటే పట్టీల చివర, వాలులో తడిగా ఉండి దున్నడానికి పనికిరాని గడ్డినేల. యంత్రం వెడల్పుకు పట్టీ వెడల్పు సరిగ్గా సరిపోకపోతే చివర మూరెడు నేల మిగులుతుంది. ‘ఇంకొక్క వరస’ అనే ఆశ అక్కడే పుడుతుంది. ఏడాదికి ఒక చాలంటే ఎవరూ పట్టించుకోరు, పదేళ్లకు దారే మాయమవుతుంది. జ్యూరీ ఏటా పోయేది అందుకే.

వారం తర్వాత కోర్టు. అది ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే సత్రంలో జరుగుతుంది. భూస్వామి తరఫున స్టీవార్డ్ అధ్యక్షత వహిస్తారు. ముందు పేర్ల పిలుపు, తర్వాత జ్యూరీ చూసిన తప్పులు, వేసిన జరిమానాలు. ఒప్పుకోనివాళ్లు అక్కడే మాట్లాడవచ్చు. చివర వచ్చే ఏడు గోధుమ వేసే పొలానికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది. అంటే ఈ ఏడు తీర్పు చెప్పినవాడి పట్టీని మరో ఏడు ఇంకొకరు కొలుస్తారు. జరిమానా కొద్ది పౌండ్లే, దానికంటే నలుగురిలో పేరు చదవడమే బరువు. ఇది ఉత్సవం కోసం నడిపే వేషం కాదు. 1977లో చట్టం చేసి ఇలాంటి పాత కోర్టులకు న్యాయాధికారం తీసేసినప్పుడు లాక్స్‌టన్‌ను మాత్రం మినహాయించారు.

తప్పిపోయిన పశువులను పట్టి కట్టేయడానికి పిండర్ అనే ఉద్యోగి ఉండేవాడు, కట్టే చోటు పిన్‌ఫోల్డ్. అచ్చంగా మన బందెలదొడ్డి. సైకుల్లో గడ్డిని ఏటా వేసవిలో వేలం వేస్తారు. ఎప్పుడూ దున్నకపోవడం వల్ల అక్కడ అరుదైన గడ్డిపూల మొక్కలు మిగిలాయి, వాటిని ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించింది.

మిగతా ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి ఏమైందంటే, 1604 నుంచి 1914 లోపు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి సుమారు 68 లక్షల ఎకరాలకు కంచెలు వేయించింది. పెద్ద రైతులకు దిగుబడి పెరిగింది. ఊరుమ్మడి మేత మీద ఒక ఆవును సాకుకునే పేదవాళ్లు కూలీలయ్యారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. లాక్స్‌టన్‌లో మాత్రం ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరక కంచె పని పూర్తికాలేదు. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన పటం ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో ప్రతి పట్టీ, దాన్ని సాగుచేసేవాడి పేరు ఉంటాయి. దున్నేవాళ్లను, పశువులను కూడా చిన్నచిన్న బొమ్మలుగా గీశాడు.

1952లో ఊరి భూమిని వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొన్నది, 1981లో రాచరికపు ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్‌కు పోయింది, 2020లో మళ్లీ పాత భూస్వాముల థోర్స్‌బీ ఎస్టేట్ చేతికి వచ్చింది. సాగుచేసేది ఎక్కువగా కౌలు రైతులే. చెదురుమదురు పట్టీల మీద మిగిలేది తక్కువ, డీజిలూ కాలమూ దారిలోనే ఖర్చు. కాబట్టి కంచె వేసిన పొలాలూ పశువులూ కూడా ఉంటేనే కమతం నిలుస్తుంది. కమతాలు తగ్గుతున్నాయి. అసలు భయం అక్కడ ఉంది: చట్టం ఉన్నా, పటం ఉన్నా, నేల తెలిసిన 12 మంది దొరకకపోతే జ్యూరీ లేదు.

ఇక మన కాలవ గట్టు దగ్గర హద్దురాళ్ల విషయం. సర్వేయరును పిలిపించేది ఎలాగూ తప్పదు. అయితే నాట్లు పడ్డాక ఒకసారి మీరూ, పై చేను వాళ్లూ, నీటి సంఘంలో ఆ తగాదాతో సంబంధం లేని ఇద్దరూ కలిసి నడిచి చూడండి. వరసలు తెలుస్తుండగానే మేకులు కొట్టించి, ఆ రోజే సంఘం పుస్తకంలో రాయించండి. కోతలయ్యాక అదే మేకుల చోట రాళ్లు పాతించవచ్చు.

పిన్నికి నమస్కారాలు చెప్పండి. పిల్లలకు ఆశీస్సులు.

మీ అన్నయ్య కొడుకు