బడికొస్తున్నాడు కదా అంటే సరిపోదండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

నేను రాజోలు దగ్గర ఆటో తోలతానండి. పొద్దున్నే ఏటిగట్టు మీద నాలుగూళ్ల పిల్లల్ని ఎక్కించుకుని హైస్కూల్ దగ్గర దింపుతాను, సాయంత్రం మళ్లీ ఎవరింటికి వాళ్లని చేరుస్తాను, పదకొండేళ్లుగా ఇదే పని. ఎప్పుడూ పేపరుకి రాయలేదు, తప్పులుంటే సర్దుకోండి, కానీ ఈ విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నా.

కిందటేడు తొమ్మిదో తరగతి కుర్రోడు ఒకడు మా ఆటోలో వచ్చేవాడు. రోజూ ముందు నా పక్కనే కూర్చునేవాడు, ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా క్రికెట్టే, రాత్రి ఎవడెన్ని కొట్టాడో నాకు పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. దసరా సెలవులయ్యాక వచ్చి వెనక సీట్లో మూలకి కూర్చున్నాడు, బ్యాగు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తా ఉండేవాడు. నేను మొదట పట్టించుకోలేదు, పిల్లలు పెద్దోళ్లవుతున్నారు లే అనుకున్నా. ఒకరోజు తన బ్యాటు తెచ్చి ఆరో తరగతి పిల్లోడికి ఇచ్చేశాడండి. ఏరా అంటే నాకింక అక్కర్లేదు బాబాయ్ అన్నాడు. ఆ బ్యాటు వాళ్లమ్మ కువైట్ నుంచి పంపిన డబ్బులతో కొన్నది, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు గుండెలో ఏదోలా అయింది.

బడిలో వంట చేసే అక్కని అడిగా. వారం నుంచి అన్నం కెలికి వదిలేస్తన్నాడు, గుడ్డు కూడా పక్కోడి కంచంలో వేసేస్తన్నాడు తమ్ముడూ అంది. అంటే ఆవిడ చూసింది, నేను చూశాను, వాడి పక్కన కూర్చునే పిల్లలూ చూశారు. కానీ ఎవరికి చెప్పాలో మాలో ఒక్కరికీ తెలీదు.

నేను ధైర్యం చేసి క్లాస్ టీచర్ గారి దగ్గరికెళ్లా. ఆయన మంచాయనేనండి, నామీద విసుక్కోలేదు కూడా. రోజూ వస్తున్నాడు, హాజరు బావుంది, మార్కులు కూడా మరీ తగ్గలేదు, ఈ వయసులో ఇలాగే ఉంటారు అన్నారు. ఆయన్ని తప్పు పట్టట్లేదు, పొద్దున్న లేస్తే ఫోన్లో ఆ యాప్ ఈ యాప్ నింపడానికే సగం టైము పోతుంది, పైగా ఆయన చేతిలో ఉన్నవి హాజరు పట్టీ, మార్కుల లిస్టు, ఆ రెంటిలోనూ వీడు బాగానే ఉన్నాడు మరి. నేను రాసేది దీని గురించేనండి. పిల్లోడు బడి మానేశాకో ఫెయిలయ్యాకో మాత్రమే మనకి కనపడతాడు, లోపల కుంగిపోతా రోజూ వచ్చి కూర్చునే పిల్లోడు ఏ లెక్కలోకీ రాడు.

ఆ రాత్రి మా అమ్మాయికి చెప్తే (డిగ్రీ చదువుతోంది అమలాపురంలో) 14416 కి ఫోన్ చెయ్యి నాన్నా అంది. అది మనసు బాగోనోళ్లకి ఫోన్లో సాయం చేసే టెలీ మానస్ నెంబరండి, 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అవతల అమ్మాయి అరగంట ఓపిగ్గా విన్నది. అబ్బాయిని సూటిగానే అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడిగినోళ్లు ఉన్నారని వాళ్లకి ఊపిరొస్తుంది, ఒంటరిగా వదలొద్దు అంది. నేను అప్పటిదాకా అలా అడిగితే నేనే నేర్పించినట్టవుతుందేమో అని భయపడ్డా.

మర్నాడు సాయంత్రం అందర్నీ దింపేశాక రేవు దగ్గర ఆటో ఆపి అడిగానండి. చాలాసేపు మాట్లాడలేదు, బ్యాగు జిప్పు తీస్తా వేస్తా కూర్చున్నాడు, తీస్తా వేస్తా. తర్వాత ఊఁ అన్నాడు. అంతే, ఇంక ఏడుపే.

వాళ్లమ్మ ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లి మూడేళ్లు. రెండు నెలల్నుంచి ఆవిడ ఫోన్ లేదు, పనిచేసే ఇంట్లో ఫోన్ తీసేసుకున్నారని మాకు తర్వాత తెలిసింది, వీడేమో అమ్మ నన్నొదిలేసింది అనుకున్నాడు. నాన్న తాగుతాడు, వీడుండేది అమ్మమ్మ దగ్గర. దానికి తోడు పేరెంట్స్ మీటింగు మర్నాడు ఎవరి అమ్మానాన్నలు రాలేదో లేచి నిలబడమన్నారట క్లాసులో. కోప్పడటానికి కాదు, లెక్క రాసుకోడానికే. కానీ అందరిలో అలా నిలబడ్డది వాడి మనసులో ముల్లులా ఉండిపోయింది.

అమ్మమ్మకి చెప్పాం, సచివాలయం ఏఎన్ఎం గారికి చెప్పాం, ఆవిడే కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక డాక్టర్ దగ్గరికి పంపించారు, నాలుగైదు సార్లు తిరిగాం. ఇప్పుడు పదో తరగతి. ఇంకా కొన్ని రోజులు వెనక సీట్లోనే కూర్చుంటాడు, కానీ మాట్లాడతాడు.

ఇది ఒక్క పిల్లోడి సంగతి కాదండి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వం లెక్కే చెప్తోంది. మన కోనసీమలోనూ అటు నరసాపురం వైపూ తల్లి గల్ఫ్‌లో ఉండి అమ్మమ్మ నాయనమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఎంతమందో మీకూ తెలుసు. బడి రికార్డులో తల్లి పేరుంటుంది, ఆవిడ ఊళ్లో ఉందా లేదా అన్నది ఉండదు. ఏ పిల్లోడు నిజంగా ఎవరి దగ్గర ఉంటున్నాడు, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, తండ్రికా అమ్మమ్మకా, ఇది జూన్‌లోనే నిదానంగా అడిగి రాసుకోవచ్చు కదండీ. తాగే తండ్రికి ముందు ఫోన్ వెళ్తే ఆ రాత్రి ఇంట్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీటింగు రోజు రాలేని తల్లికి వీడియో కాల్ చెయ్యొచ్చు, కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలే వెనక.

ఇంకో మాట. విశాఖలో నీట్‌కి చదువుతా 2023 జులైలో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆ పైన ఉన్న ప్రతి విద్యాసంస్థలో ట్రైనింగ్ ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి, అంతకంటే తక్కువుంటే బయట నిపుణులతో లింకు పెట్టుకోవాలి, సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరిలో అవమానించడం మానాలి, హెల్ప్‌లైన్ నెంబర్లు కనపడేలా రాయాలి అని ఉంది. ఆ శిక్షణ టీచర్లకే కాదు, బోధనేతర సిబ్బందికి కూడా అన్నారు, నాకు బాగా నచ్చింది అదే. అయితే నేను రోజూ తిరిగే బళ్లలో కౌన్సెలర్ని ఒక్కర్ని కూడా చూడలేదండి. ప్రతి బడికీ ఒకర్ని వెయ్యలేమంటే మండలానికి ఇద్దర్ని వేసి వారానికో రోజు బడికి వచ్చేలా చెయ్యమనండి, ముందు అదైనా మొదలవ్వాలి.

2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ ప్రోగ్రాం పెట్టి బడికి ఇద్దరు టీచర్లని, వీలైతే ఒక మేడమ్ ఒక మాస్టారు, ఆరోగ్య అంబాసిడర్లుగా పెట్టాలన్నారు. మా పిల్లల్ని అడిగితే వాళ్ల బడిలో అది ఎవరో తెలీదన్నారు. ఆ ఇద్దరి పేర్లూ 14416, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నెంబర్లూ గేటు పక్క గోడ మీద పెద్దక్షరాలతో రాయిస్తే ఖర్చు డబ్బా పెయింటే. 1098 ఎందుకంటే ఆడపిల్లల సంగతి ఇంకో రకం, వేసవి సెలవులయ్యాక తొమ్మిదో తరగతి పిల్ల రాకపోతే సంబంధం కుదిరిందేమో అని ఆటోలో మిగతా పిల్లలు గుసగుసలాడుకుంటారు, బడికి మాత్రం నెల తర్వాత తెలుస్తుంది.

మా స్టాండులో బడి పిల్లల్ని తిప్పే ఆటోలు పద్నాలుగున్నాయి. మేమందరం మాట్లాడుకున్నాం. పిల్లల్లో ఏదైనా మార్పు చూస్తే నలుగురిలో అనకుండా, గుట్టుగా ఆ అంబాసిడర్ టీచర్ చెవిన వెయ్యడానికి మేం రెడీ అండి. ఎవరికి చెప్పాలో ఆ పేరు మాకు ఇవ్వమని మీ పేపరు ద్వారా విద్యాశాఖ వాళ్లని అడుగుతున్నా.

ఇట్లు
ఒక ఆటో డ్రైవరు,
రాజోలు